బోర్డు కంపెనీలో రెండేళ్ళు

ఆ వీధిలో ఆమెను అందరూ ఫస్ట్‌క్లాసు అని పిలిచేవారు. అది మెచ్చుకోలు కాదు. డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజున తండ్రి తన రబ్బరు స్టాంపుల దుకాణం ముందు నిలబడి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ, చివరికి ఏదో అడ్రసు అడగడానికి ఆగినవాడికి కూడా "మా అమ్మాయి ఫస్ట్‌క్లాసులో పాసైంది" అని చెప్పాడు. వీధి ఆ మాటను జాగ్రత్తగా దాచిపెట్టుకుంది. ఏడాది గడిచినా అమ్మాయికి ఉద్యోగం రాకపోయేసరికి బయటికి తీసి వాడుకోవడం మొదలుపెట్టింది. "ఏం ఫస్ట్‌క్లాసూ, పొద్దున్నే ఎక్కడికి?" అని ఎదురు కొట్లో ఇస్త్రీ చేసే ఆయన అడిగేవాడు. "ఇంటర్వ్యూకి" అనేది. "సరే, సాయంత్రం వస్తావుగా, మీ నాన్న చొక్కాలు పట్టుకెళ్దువుగాని" అనేవాడు. ఆమె వెళ్ళడం ఎంత ఖాయమో, ఉత్త చేతులతో తిరిగి రావడం కూడా అంతే ఖాయమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఒక్కసారి కూడా వమ్ము చేయలేదు.

ఏడాదిలో నలభై ఒక్క చోట్లకు దరఖాస్తు పెట్టింది. పదమూడు చోట్ల పిలిచారు. ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్ళు మనుషులేనా అన్న అనుమానం ఆమెకు అప్పుడే కలిగింది. పైన లావుపాటి అక్షరాల్లో 'కొత్తగా చదువు ముగించినవారికి చక్కటి అవకాశం' అని ఉంటుంది. కింద చీమతలకాయంత అక్షరాల్లో 'కనీసం రెండేళ్ళ అనుభవం తప్పనిసరి' అని ఉంటుంది. పుట్టిన బిడ్డకు మీసాలు ఉండి తీరాలన్నట్టు. ఆ రెండు వాక్యాలూ ఒకే మనిషి, ఒకే కుర్చీలో కూర్చుని, ఒకే టీ తాగుతూ రాసి ఉంటాడు. రాశాక హాయిగా ఇంటికి కూడా వెళ్ళి ఉంటాడు.

మొదటి ఇంటర్వ్యూలో "ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు?" అని అడిగారు. "ఇక్కడే, ఈ ఉద్యోగంలోనే ఉంటే చాలండి" అంది. ఎదగాలన్న ఆశ లేదని తీసేశారు. రెండోచోట అదే ప్రశ్నకు "మీ కుర్చీలో ఉండాలనుకుంటున్నానండి" అంది. ఆశ ఎక్కువైందని తీసేశారు. మూడోచోట పాతికమందిని చుట్టూ కూర్చోబెట్టి నాయకత్వం గురించి చర్చించమన్నారు. పాతికమందీ ఒకేసారి అరిచారు. అందరికంటే గట్టిగా అరిచినవాణ్ణి తీసుకుని, వినేవాళ్ళుగా మిగిలినవాళ్ళను ఇంటికి పంపించారు. ఆ తర్వాత మాత్రం ప్రశ్నలు వేసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

"అనుభవం లేదు కదమ్మా" అన్నాడు ఒక పెద్దమనిషి, ఆమె దరఖాస్తును వేలి కొసతో పట్టుకుని.

"ఎవరైనా ఉద్యోగం ఇస్తే వస్తుంది కదండీ."

"నేననేదీ అదే. ఎవరైనా ఇచ్చాక రండి."

ప్రతి దరఖాస్తులోనూ 'అనుభవం' అని ఒక గడి ఉండేది. అందులో ఆమె గుండ్రటి అక్షరాలతో 'లేదు' అని రాసేది. రాసీ రాసీ ఆ ఒక్క మాట మీద చెయ్యి బాగా తిరిగింది.

సాయంత్రం దుకాణానికి వచ్చి బ్యాగు బల్ల కింద పడేసి, ఆర్డర్ల పుస్తకం ముందుకు లాక్కునేది. దుకాణంలో ఆమె చేసేది ఉద్యోగం కాదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్టాంపు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి. తండ్రి అచ్చు పేర్చగానే అద్దం అవసరం లేకుండా తప్పులు పట్టేసేది. వచ్చినవాళ్ళ దగ్గర ఆర్డరు రాసుకునేది. తొందరపడేవాళ్ళను కూర్చోబెట్టేది, కోపంగా వచ్చినవాళ్ళను చల్లబరిచేది. ఒక స్కూలు హెడ్‌మాస్టరు తన పేరు స్కూలు పేరుకంటే పెద్దగా ఉండాలని పట్టుబడితే, "అలా చేస్తే స్కూలు మీ ఇంట్లో ఉందనుకుంటారండీ" అని నచ్చజెప్పి పంపించింది. ఏ సీలు ఏ రోజుకు ఇవ్వాలో తండ్రికి గుర్తుండదు. ఆమెకు గుర్తుంటుంది. తొమ్మిదో తరగతి నుంచీ అంతే.

తండ్రికి ఉన్నదల్లా ఒక్క నియమం. ఎంతటివాడు వచ్చినా ఆఫీసు లెటర్ లేకుండా సీలు చేసేవాడు కాదు. ఒకసారి ఒకాయన డాక్టరు సీలు కావాలని వచ్చి, లెటర్ లేదంటే బతిమాలాడు, తర్వాత బెదిరించాడు, చివరికి కడుపునొప్పి అని అక్కడే కూర్చున్నాడు. "అయితే మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అన్నాడు తండ్రి. ఇప్పుడంతా కంప్యూటరు సంతకాలు వచ్చాక దుకాణానికి వచ్చేవాళ్ళే తగ్గిపోయారు. ఇల్లు ఈడ్చుకురావడం కష్టమవుతోందని తల్లి రోజూ అంటూనే ఉంది. అయినా ఆ నియమం మాత్రం ఆయన వదల్లేదు. ఉన్న ఒక్క ఆస్తీ అదే అన్నట్టు పట్టుకున్నాడు.

ఇలాంటప్పుడు బాబాయి ఇంటికి వచ్చాడు. తండ్రికి తమ్ముడు. ఆయన జీవితంలో ఏ ఉద్యోగంలోనూ ఆరు నెలలు దాటి లేడు. అందుకే ఉద్యోగాల గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"అన్నయ్యా, నీకసలు బుద్ధుందా?" అన్నాడు కూర్చుంటూనే. "ఇంట్లో సీళ్ళ ఫ్యాక్టరీ పెట్టుకుని పిల్లని రోడ్ల వెంట తిప్పుతావా? ఏదో ఒక కంపెనీ పేరు మీద ఓ సీలు చేసి, రెండేళ్ళు చేసిందని సర్టిఫికెట్ కొట్టిచ్చెయ్. అందరూ చేసేదే."

"లెటర్ ఉందా?" అన్నాడు తండ్రి తల ఎత్తకుండా.

"సొంత కూతురికి కూడా లెటర్ కావాలా?"

"సొంత తమ్ముడు అడిగినా కావాలి."

బాబాయి వదినగారి వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అమ్మాయిని ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. "చూడమ్మా, మీ నాన్న మంచోడు. మంచోళ్ళని నమ్ముకుంటే ఉద్యోగాలు రావు. నీ బుర్ర నువ్వు వాడుకో."

ఆమె వాడుకుంది.

దుకాణం అటక మీద ఒక రేకు డబ్బా ఉంది. చేయించుకుని తీసుకెళ్ళని సీళ్ళన్నీ అందులో ఉంటాయి. పెట్టకముందే మూతపడ్డ సంఘాలు, గెలవకముందే చేయించుకుని ఓడిపోయిన అభ్యర్థులు, విడిపోయిన భాగస్వాములు, అందరూ దాంట్లో బోర్లా పడుకుని ఉంటారు. లెటర్ తెచ్చినవాళ్ళు ఎప్పటికైనా వస్తారని తండ్రి వాటిని పారెయ్యడు. నెలకోసారి ఆ డబ్బా దులిపి పెట్టడం ఆమె పనే. అందులో బోర్డు కంపెనీ సీలు ఒకటి ఉంది.

బోర్డు కంపెనీ అంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. దాని అసలు పేరు చాలా పొడుగు. పదకొండేళ్ళ కిందట బస్టాండు దగ్గర ఒక మేడ మీద పెద్ద బోర్డు ఎక్కించారు. వచ్చే వారమే ప్రారంభం అన్నారు. లెటర్ ఇచ్చి సీలు కూడా చేయించారు. ఆ వచ్చే వారం ఇంతవరకూ రాలేదు. తలుపుకు తాళం, తాళానికి తుప్పు, పైన బోర్డు. అదేం వ్యాపారం చేయాలనుకుందో ఎవరికీ తెలియదు. కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఆమె రోజూ బస్సులోంచి ఆ తాళం చూసేది.

తండ్రి రబ్బరు షీట్లు కొనడానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆమె డబ్బా దింపింది. ఇది దొంగ సీలు కాదు కదా అని తనకు తాను చెప్పుకుంది. లెటర్ మీద చేసిన సీలే, నాన్న చేతి సీలే. దొంగతనం ఏమైనా ఉంటే కాగితం మీద ఉంటుంది, అది తన ఖాతాలోకి వస్తుంది. ఈ వాదన ఆమెకే నచ్చలేదు. అయినా ఆగలేదు, ఎందుకంటే నలభై ఒక్కసార్లు 'లేదు' అని రాసిన చెయ్యి అలిసిపోయింది. చదువుకుంటూ సాయంత్రాలు పనిచేసినట్టు ఒక సర్టిఫికెట్ టైపు చేయించుకొచ్చింది. మొదట తనను తాను మరీ పొగిడేసుకుంది. 'ఈమె లేని లోటు తీర్చలేనిది' అని చదివితే సంతాప తీర్మానంలా ఉందని కొట్టేసింది. ఎడమ చేత్తో మేనేజరు సంతకం పెట్టింది. ఊదారంగు ఇంకు ప్యాడు మీద అద్ది, సీలు వేసింది. గుండ్రంగా, స్పష్టంగా, ఎక్కడా అలక్కుండా పడింది. తండ్రి పనితనం అది. దాన్ని చూసి ఒక్క క్షణం గర్వపడింది కూడా. తర్వాత గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టేసింది.

నలభై రెండో దరఖాస్తు ఇళ్ళకు నీళ్ళ ఫిల్టర్లు అమ్మి, చెడిపోతే బాగుచేసే ఒక కంపెనీకి. మేనేజరు నలభై దాటిన మనిషి. ఉన్న నాలుగు వెంట్రుకలనూ లేనిచోటికి సర్దుబాటు చేసుకున్నాడు. చేతిలో ఒక నొక్కుడు పెన్ను. మాట్లాడుతున్నంతసేపూ టిక్కు టిక్కుమని నొక్కుతూనే ఉన్నాడు. డిగ్రీ సర్టిఫికెట్ తిరగేసి పక్కన పడేశాడు. ఫస్ట్‌క్లాసు వైపు కన్నెత్తి చూడలేదు. రెండో కాగితం తీశాడు. పెన్ను ఆగిపోయింది.

"మీరు... ఈ కంపెనీలో చేశారా?"

ఆమె కుర్చీ అంచుకు జరిగింది. "అవును సార్. రెండేళ్ళు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వాలాడు. ముఖం మీద చెమట పట్టింది. "నేనూ అక్కడే చేశాను. ఆరేళ్ళు. మానేసి ఐదేళ్ళయింది" అన్నాడు.

ఆమె మనసులో ఆరూ ఐదూ కలుపుకుంది. పదకొండు. బోర్డు ఎక్కిన రోజునే చేరాడన్నమాట. ఇంతసేపూ తన దొంగతనం దొరికిపోతుందని ఆమె వణుకుతుంటే, ఎదురుగా ఉన్నాయన అంతకంటే ఎక్కువ వణుకుతున్నాడు. ఆ తాళం తనకు తెలియకుండా ఎప్పుడో తీసి ఉంటారని, అక్కడ నిజంగా పనిచేసిన మనిషి ఒకరు వస్తారని ఆయన ఈ ఐదేళ్ళలో ఏనాడూ అనుకోలేదు.

"ఏ సెక్షన్ మీది?" అన్నాడు గొంతు సవరించుకుని.

"ఆర్డర్ల సెక్షన్ సార్."

"ఓహో. కిందా, పైనా?"

"పైన సార్" అంది. బోర్డు పైనే ఉంది కాబట్టి.

"నేను కింద ఉండేవాణ్ణి" అన్నాడు మేనేజరు వెంటనే, ఒకరికొకరు ఎదురుపడే ప్రమాదం తప్పించుకుని. కింద ఉన్నది చెప్పుల కొట్టు. "మరి క్యాంటీన్ టీ? ఇంకా అలాగే ఉందా?"

"నీళ్ళు సార్. ఉత్త నీళ్ళు."

"అప్పుడూ అంతే!" అని మేనేజరు పకపకా నవ్వాడు. ఆ నవ్వులో ప్రాణం లేచొచ్చిన మనిషి సంతోషం ఉంది. "ఆ రోజులే వేరమ్మా. ఎంత పని నేర్చుకున్నాం అక్కడ!"

సోమవారం వచ్చి చేరమన్నాడు.

పరీక్ష పెట్టి తీసుకున్నారని ఇంట్లో చెప్పింది. తండ్రి చేస్తున్న పని ఆపేసి దుకాణం బయటికి వెళ్ళి నిలబడ్డాడు. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురుకొట్టు ఆయన "మరి చొక్కాలెవరు పట్టుకెళ్తారు?" అంటే, "నేనే వస్తానయ్యా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు లోపల ఏదో గుచ్చుకుంది. అయినా సర్టిఫికెట్ సంగతి చెప్పలేదు.

ఉద్యోగం బాగానే ఉంది. కావలసిందల్లా ఆర్డర్లు రాసుకోవడం, చెడిపోయిన ఫిల్టర్ల వాళ్ళు ఫోన్లో తిడుతుంటే చల్లబరచడం, ఏది ఏ రోజుకు వెళ్ళాలో చూడడం. వారంలో పని మొత్తం పట్టేసింది. వింత ఏమిటంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది, లెక్కలు చూసే ఆవిడ కూడా బోర్డు కంపెనీ నుంచే వచ్చిందట. గోడౌను చూసే ఆయనా అక్కడివాడేనట. ముగ్గురూ డబ్బాలు విప్పుకుని ఆ రోజుల గురించి మాట్లాడుకునేవారు. అక్కడి పెద్దసారు ఎంత స్ట్రిక్టో, లిఫ్టు ఎన్నిసార్లు మధ్యలో ఆగిపోయిందో చెప్పుకునేవారు. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు కాదనేవారు కాదు. కాదనాలంటే ఎవరో ఒకరు నిజంగా అక్కడికి వెళ్ళి ఉండాలి. ఆమె కూడా రెండు మూడు జ్ఞాపకాలు ఇచ్చింది. ఒక్క రోజు తలుపు తెరవకుండా ఆ కంపెనీ ఇంతమందిని బతికిస్తోంది. తెరిచి ఉంటే ఇంతమందికి ఇవ్వగలిగేది కాదు.

మూడు నెలలు ఇలా గడిచాక హెడ్డాఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. మేనేజరుకు పెద్ద పదవి ఇవ్వబోతున్నారు, అందుకని కాగితాలన్నీ చూడాలట. ఆయన ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "ఒకే కంపెనీ. మొన్న చేరిన ఈ అమ్మాయి కాగితం మీద చక్కగా సీలుంది. మీ కాగితం మీద ఉత్త సంతకమే. ఇదేమిటి?" అన్నాడు. అంటే, ఆమె దొంగ సర్టిఫికెట్ నిజమైనదై కూర్చుంది, దాని ముందు మేనేజరు దొంగ సర్టిఫికెట్ తేలిపోయింది. దొంగల్లో కూడా పనితనానికి విలువ ఉంటుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. వారంలో సీలున్న సర్టిఫికెట్ తెచ్చి చూపించమని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున ఆమె దుకాణంలో ఆర్డర్ల పుస్తకం ముందు కూర్చుని ఉంది. ఉద్యోగం వచ్చినా ఆదివారాలు మానలేదు. తండ్రి లోపల ప్రెస్సు దగ్గర ఉన్నాడు. మెట్లెక్కి మేనేజరు వచ్చాడు. పాతకాలం రబ్బరు సీళ్ళు చేసే దుకాణం ఊళ్ళో ఇదొక్కటే మిగిలిందని ఎవరో చెప్పి ఉంటారు.

"నువ్వేంటమ్మా ఇక్కడ?" అన్నాడు తెల్లబోయి.

"ఇది మా దుకాణమే సార్. మా నాన్నగారు."

తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి నమస్కారం పెట్టాడు. కూతురికి ఉద్యోగమిచ్చిన మనిషి అని తెలియగానే కుర్చీ తుడిచి వేశాడు. మేనేజరు ఒక సీలు కావాలని కంపెనీ పేరు చెప్పాడు. ఆ పొడుగాటి అసలు పేరు.

"అది చెయ్యక్కర్లేదండీ, చేసే ఉంది" అన్నాడు తండ్రి. "పదకొండేళ్ళ కింద వాళ్ళే లెటర్ ఇచ్చి చేయించుకున్నారు. తీసుకెళ్ళలేదు. పాపం, తెరవనే లేదు కదా. అటక మీద డబ్బాలో ఉంది."

పెన్ను టిక్కుమనడం ఆగింది. మేనేజరు ఆమె వైపు చూశాడు. ఆమె పుస్తకం వైపు చూసింది. ఆరేళ్ళ ఉద్యోగం సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసని ఆయనకు తెలిసింది. రెండేళ్ళ ఉద్యోగం ఎలా వచ్చిందో కూడా తెలిసింది.

"మీరేమవుతారండీ వాళ్ళకి?" అని అడిగాడు తండ్రి, డబ్బా దించుతూ.

"నేను అక్కడ ఆరేళ్ళు చేశానండీ" అన్నాడు మేనేజరు. అలవాటు కొద్దీ వచ్చేసింది.

"తెరవని చోటా?"

తండ్రి వెటకారంగా అడగలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. మేనేజరుకు ఇంక వెనక్కి పోయే దారి లేదు. దొరికిన ఆసరాను గట్టిగా పట్టుకున్నాడు. "మీ అమ్మాయి కూడా రెండేళ్ళు చేసింది కదండీ! సీలున్న సర్టిఫికెట్ ఇచ్చింది. దాన్ని చూసే కదా మేం తీసుకున్నది."

తండ్రి డబ్బా మూత తీశాడు. సీలు బయటికి తీసి తిరగేశాడు. వాడని రబ్బరు లేత ఎరుపుగా ఉంటుంది. దీని మీద అక్షరాల సందుల్లో ఊదారంగు ఎండిపోయి ఉంది. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తిట్టినా బాగుండుననుకుంది.

"ఇవ్వమంటావా అమ్మా?" అన్నాడు.

లెటర్ ఉందా అని ఆయన అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అడక్కుండా తండ్రి సీలు చేతికెత్తడం ఆమె చూడలేదు. ఇవ్వొద్దంటే రేపటి నుంచి ఉద్యోగం ఉండదు. మళ్ళీ ఆ దరఖాస్తులు, మళ్ళీ ఆ గడి, పొద్దున్నే ఎదురుకొట్టు పలకరింపు. ఇవ్వమంటే నాన్నకు ఏం మిగులుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆయన ముఖంలో ఒక చిన్న ఆశ ఉంది. వద్దంటుందేమోనని ఎదురుచూస్తున్నాడు.

"ఇచ్చెయ్యి నాన్నా" అంది.

తండ్రి సీలును శుభ్రంగా తుడిచి, కాగితంలో చుట్టి, మేనేజరు చేతిలో పెట్టాడు. మేనేజరు దాన్ని జేబులో వేసుకుని, పోతున్న ప్రాణం తిరిగొచ్చినట్టు లేచాడు. ఆ సంతోషంలో మంచి మాట ఒకటి చెప్పి వెళ్ళాలనిపించింది. "మీ అమ్మాయి చాలా చురుకండీ. చేరిన వారానికే పనంతా పట్టేసింది. ఎంతైనా అక్కడ బాగా తయారుచేశారు" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

తండ్రి డబ్బాకు మూత పెట్టాడు.

"ఏం పని నీకక్కడ?" అన్నాడు.

"ఆర్డర్లు రాసుకోవాలి. గొడవపడేవాళ్ళకి సర్దిచెప్పాలి. ఏది ఎప్పుడివ్వాలో చూసుకోవాలి."

తండ్రి విని తల ఊపాడు. "ఇక్కడ చేసేదేగా" అన్నాడు.

ఆమె తల ఎత్తింది.

"తొమ్మిదో తరగతి నుంచి చేస్తున్నావు. ఎనిమిదేళ్ళయింది. నన్నడిగితే నేను రాసిచ్చేవాణ్ణి కదమ్మా. రెండేళ్ళు కాదు, ఎనిమిదేళ్ళకి ఇచ్చేవాణ్ణి. నా లెటర్‌హెడ్డు మీద, నా సీలు వేసి. అంతా నిజమే రాసేవాణ్ణి."

"దుకాణం కాగితం ఎవరూ ఒప్పుకోరు నాన్నా" అంది.

"ఎవరినైనా అడిగావా?"

అడగలేదు. పదమూడు చోట్లకు వెళ్ళి కూర్చుంది, ఒక్కచోట కూడా అడగలేదు. అసలు ఆ ఆలోచనే రాలేదు. ఎవరూ తెరవని మేడ మీద రెండేళ్ళు పనిచేశానని రాసుకోవడానికి చెయ్యి వచ్చింది గానీ, రోజూ కూర్చున్న ఈ బల్ల పేరు రాయడానికి రాలేదు. ఇది చెప్పుకునేంత పని అని ఆమె ఏనాడూ అనుకోలేదు. అలా అనుకోలేదన్న సంగతి ఇప్పుడు నాన్నకు కూడా తెలిసిపోయింది.

"మరి ఆ కాగితాల్లో ఏం రాసేదానివి?" అన్నాడు తండ్రి.

"లేదని రాశాను నాన్నా."

"ఊఁ" అన్నాడు.

ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అంతలో ఒకాయన మెట్లెక్కి వచ్చి, చేతిలో ఆఫీసు లెటర్ పట్టుకుని, దుకాణం తెరిచే ఉందా అని అడిగాడు. "ఉందండీ, రండి" అన్నాడు తండ్రి. ఆమె కళ్ళు తుడుచుకుని పెన్ను కోసం చెయ్యి చాపింది. ఆయన ఆర్డర్ల పుస్తకాన్ని ఆమె ముందునుంచి మెల్లగా తన వైపు లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం రెండేసిసార్లు అడుగుతూ, తనే రాసుకోవడం మొదలుపెట్టాడు.